ఇంగ్లిష్ హోంవర్క్‌లో పిల్లలకు సాయం చేయడం ఎలా: వ్యాకరణం నుంచి పద్యం దాకా

ఇంగ్లిష్ సబ్జెక్టులో పిల్లలకు సాయం చేయబోయే పెద్దవాళ్ళు ఎక్కువగా రెండు దారుల్లో ఒకటి పడతారు. జవాబు తామే చెప్పేసి, పిల్లల చేత రాయించేసి, 'హమ్మయ్య, ఒక పనైపోయింది' అనుకోవడం మొదటిది. 'నా ఇంగ్లిషే అంతంతమాత్రం, నేనేం చెబుతాను' అని తప్పుకోవడం రెండోది. మొదటి దారిలో హోంవర్క్ పూర్తవుతుంది కానీ పిల్లలకు ఏమీ రాదు. రెండో దారిలో హోంవర్క్ కూడా పూర్తి కాదు.

పక్కన కూర్చునే మనిషికి గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదని నా నమ్మకం. 'ఎందుకలా అనుకుంటున్నావు? ఆ మాట పాఠంలో ఎక్కడుంది?' అని ఓపిగ్గా అడగగలిగితే చాలావరకు పని నడుస్తుంది. ఈ వ్యాసం తల్లిదండ్రులకు, అక్కలకు, అన్నలకు, ట్యూషన్ చెప్పేవాళ్ళకు. హైస్కూల్ పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసింది. కింది అడుగులన్నిటికీ వర్తించే నియమాలు రెండే. పెన్ను ఎప్పుడూ పిల్లల చేతిలోనే ఉండాలి. ఆలోచన, చర్చ తెలుగులో ఎంతైనా సాగనివ్వండి, కాగితం మీద పెట్టేది మాత్రం ఇంగ్లిష్‌లో ఉండాలి.

మొదటి అడుగు: ఎక్కడ ఆగిపోయారో కనుక్కోండి

'మావాడు ఇంగ్లిష్‌లో వీక్' అంటే దాన్నిబట్టి ఏమీ తేలదు. జ్వరం అన్నంత మాత్రాన ఏ జబ్బో తెలియదు కదా, ఇదీ అంతే. ఒక పావుగంట కేటాయిస్తే అసలు చిక్కు ఎక్కడుందో బయటపడుతుంది.

పాఠంలోంచి ఒక పేరా పైకి చదవమనండి. ప్రతి వాక్యంలో రెండు మూడు చోట్ల ఆగుతూ, పదం మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తుంటే, ఇబ్బంది చదవడంలోనే ఉంది. అలాంటప్పుడు పద్యం అంతరార్థం గురించి మాట్లాడి లాభం లేదు. గడగడా చదివేశారనుకోండి, పుస్తకం మూసి 'ఏముందో తెలుగులో చెప్పు' అనండి. చాలామంది ఇక్కడే దొరికిపోతారు. పలకడం వచ్చింది, అర్థం చేసుకోవడం రాలేదన్నమాట. తెలుగులో చక్కగా చెప్పారా, ఇప్పుడు ప్రశ్న చదివించి 'వీళ్ళు నిన్ను ఏం అడుగుతున్నారు?' అనండి. అదీ తెలిసి, జవాబు నోటితో చెప్పగలిగి, రాయమనేసరికి బిగుసుకుపోతే లోటు వాక్యం కట్టడంలో ఉంది.

ఈ నాలుగింటికీ మందులు వేరు. చదవడమే కష్టమైతే రోజూ పది నిమిషాలు, తరగతి పుస్తకం కన్నా తేలికైనది, పైకి చదివించాలి. ముందు మీరు ఒక వాక్యం చదవండి, అదే వాక్యం తర్వాత వాళ్ళు చదవాలి. అర్థం కాకపోతే మూడో అడుగు, ప్రశ్న తెలియకపోతే రెండో అడుగు, రాయలేకపోతే నాలుగు, ఏడు అడుగులు చూడండి. అందరికీ అన్నీ చేయించాల్సిన పనిలేదు.

రెండో అడుగు: ప్రశ్నను విడగొట్టండి

మార్కులు పోయిన జవాబులు తీసి చూస్తే, తప్పు రాసినవాటి కన్నా అడగనిది రాసినవే ఎక్కువ కనిపిస్తాయి. ప్రశ్నలో క్రియ ఏమిటో ముందు గుర్తించమనండి. 'డిస్క్రైబ్' అంటే ఎలా ఉందో చెప్పాలి. 'ఎక్స్‌ప్లెయిన్' అంటే ఎందుకో, ఎలాగో చెప్పాలి. 'కంపేర్' అన్నచోట రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదాని గురించి ఒక పేజీ, రెండోదాని గురించి ఒక పేజీ రాసి ఊరుకుంటే పోల్చినట్టు కాదు. 'అనలైజ్' అంటే రచయిత ఏ మాటలు వాడి ఆ ప్రభావం తెచ్చాడో విప్పి చూపించాలి. 'టు వాట్ ఎక్స్‌టెంట్' అన్నారంటే ఒప్పుకుంటున్నావా లేదా అని మాత్రమే అడగడం లేదు, ఎంతవరకు ఒప్పుకుంటావో అడుగుతున్నారు. అవతలి పక్షం కూడా కొంచెం రావాలి.

ఒకే ప్రశ్నలో 'హౌ', 'వై' రెండూ ఉంటే రెండింటి కిందా వేరువేరుగా గీత గీయించండి. తర్వాత మార్కులు చూడమనండి. రెండు మార్కుల ప్రశ్నకు పేజీ నింపే పిల్లలు, ఎనిమిది మార్కుల ప్రశ్నకు ఓపిక చచ్చి నాలుగు వాక్యాలతో సరిపెడతారు.

మూడో అడుగు: పాఠం చదవడం, పదాలు పట్టుకోవడం

మొదటిసారి చదివేటప్పుడు డిక్షనరీ పక్కన పెట్టేయమనండి. ప్రతి పదానికీ ఆగితే కథ ముక్కలైపోతుంది. ఎవరున్నారు, ఏం జరిగింది, చివరికి ఏం మారింది అనే మూడు విషయాలు తెలిస్తే మొదటి చదువు పూర్తయినట్టే. రెండోసారి చదువుతూ తెలియని పదాల కింద పెన్సిల్ గీత పెట్టాలి. మూడోసారి అవసరమైన చోట మాత్రమే.

ఎవరి సాయం లేకుండా హాయిగా చదువుకోవాలంటే ఒక పుస్తకంలో నూటికి 98 పదాలు ముందే తెలిసి ఉండాలని పద సంపద మీద పరిశోధన చేసిన పాల్ నేషన్ వంటివాళ్ళు అంటారు. అంటే వందలో రెండు కొత్తవి ఉండొచ్చు. తరగతి పాఠాలు దీనికన్నా బాగా కష్టంగా ఉంటాయి. అందుకే పాఠం మొదలుపెట్టక ముందే అది లేకపోతే కథ నడవదనిపించే అయిదారు పదాలు ఏరి, మాటల్లో చెప్పేయండి. సరదాకి చదివే పుస్తకం మాత్రం ఎప్పుడూ తేలికైనదే ఉండాలి. పక్కింటి పిల్ల లావుపాటి నవల చదువుతోందని మన పిల్లకీ అదే ఇస్తే, ఆ పుస్తకం షెల్ఫ్‌లోనే ఉంటుంది.

తెలియని పదం కనబడితే ముందు ఊహించమనండి, తర్వాతే డిక్షనరీ. చుట్టుపక్కల మాటలు ఎంతో కొంత చెబుతాయి. పదం లోపలి ముక్కలు ఇంకొంత చెబుతాయి. ముందు వచ్చే 'అన్', 'రీ', 'మిస్', వెనక వచ్చే 'ఫుల్', 'లెస్', 'నెస్' లాంటివి ఒక పాతిక తెలిస్తే వందల పదాలు వాటంతట అవే విడిపోతాయి. అన్నిటికన్నా మోసం చేసేవి తెలిసిన పదాలే. 'ఫైన్' అంటే బాగుందని తెలిసిన పిల్లాడు 'హి పెయిడ్ ఎ ఫైన్' దగ్గర బోల్తా పడతాడు. అక్కడ దాని అర్థం జరిమానా. వాక్యానికి అర్థం కుదరనప్పుడు తెలియని పదాన్నే కాదు, తెలిసిన పదాన్నీ అనుమానించడం నేర్పండి.

నోట్‌బుక్‌లో ఒక వైపు పదం, ఇంకో వైపు తెలుగు అర్థం రాసే పద్ధతి చాలా ఇళ్ళలో ఉంది. దానివల్ల పదం గుర్తుంటుందేమో కానీ వాడటం రాదు. పదంతో పాటు అది కనబడిన వాక్యాన్నీ, దాని పక్కన వచ్చే తోడు మాటనూ రాయించండి. 'డెసిషన్' ఒక్కటే రాస్తే చాలదు, 'మేక్ ఎ డెసిషన్' అని రాయాలి. 'రిస్క్'కి 'టేక్', 'రెయిన్'కి 'హెవీ'. ఈ జంటలు తెలియకే పిల్లల ఇంగ్లిష్ వ్యాకరణం సరిగ్గా ఉన్నా కృత్రిమంగా వినిపిస్తుంది. ఆ పదాలను మర్నాడు, మూడు రోజులకు, వారానికి ఒకసారి అడగండి. విడతలు విడతలుగా గుర్తుచేసుకుంటే జ్ఞాపకం నిలుస్తుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే ప్రచురించాడు. పరీక్ష ముందు రాత్రి రెండు వందల పదాలు బట్టీ పట్టించే అలవాటు మాత్రం ఇంకా పోలేదు.

నాలుగో అడుగు: వ్యాకరణం, వాక్యం

తెలుగు మాట్లాడే పిల్లలు ఇంగ్లిష్‌లో చేసే తప్పులు చాలావరకు ఒక పద్ధతి ప్రకారమే ఉంటాయి. వాటి మూలం తెలిస్తే దిద్దడం సులువు. మనకు కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది. 'చలిగా ఉంది' అంటే సరిపోతుంది. ఇంగ్లిష్‌లో అక్కడ ఎవరో ఒకరు కూర్చోవాలి, అందుకే 'ఇట్ ఈజ్ కోల్డ్'. మనకు 'ఎ', 'ది' లాంటివి లేవు, కాబట్టి పిల్లలు వాటిని మర్చిపోతారు, లేదా కనబడిన ప్రతి నామవాచకానికీ తగిలిస్తారు. వినేవాళ్ళకు ఏ వస్తువో ముందే తెలుసా అని అడగండి. తెలిస్తే 'ది', కొత్తగా చెబుతుంటే 'ఎ'. అన్ని చోట్లా ఇది సరిపోదు, కానీ రోజువారీ వాక్యాల్లో బాగానే పనిచేస్తుంది. 'ఎ' కావాలా 'యాన్' కావాలా అనేది స్పెల్లింగ్‌ని బట్టి కాదు, పలికే ధ్వనిని బట్టి ఉంటుంది. అందుకే 'యాన్ అవర్' అంటాం, 'ఎ యూనివర్సిటీ' అంటాం.

'ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్' కూడా ఇలాంటిదే. కలిగి ఉండటం, తెలిసి ఉండటం, ఇష్టపడటం లాంటి స్థితులను చెప్పే క్రియలు మామూలుగా 'ఇంగ్' రూపం తీసుకోవు. 'ఐ హావ్' అంటే చాలు. ఇక 'షి గోస్' అనాల్సిన చోట 'షి గో' అని రాసే అలవాటు పదో తరగతిలో కూడా కనిపిస్తుంది. నియమం తెలియక కాదు. రాసేటప్పుడు ఆలోచన విషయం మీద ఉంటుంది, వేలు పాత అలవాటు మీద ఉంటుంది. దీనికి మళ్ళీ పాఠం చెప్పడం దండగ. రాసింది ఒకసారి కేవలం క్రియల కోసమే వెనక్కి చదివిస్తే వాళ్ళే పట్టుకుంటారు.

అసలు కష్టం పొడుగు వాక్యాల్లో వస్తుంది. తెలుగులో వర్ణన అంతా ముందు వచ్చి, దేని గురించో ఆ మాట చివర వస్తుంది: 'నిన్న లైబ్రరీలో నువ్వు చూపించిన పుస్తకం'. ఇంగ్లిష్‌లో ఇది తలకిందులు. 'పుస్తకం' ముందు వచ్చేస్తుంది, దాని వెనక 'దట్', 'విచ్', 'హూ' పట్టుకుని మిగతాదంతా వేలాడుతుంది. మన క్రియ వాక్యం చివర ఉంటే, వాళ్ళది కర్తకు పక్కనే ఉంటుంది, లేదా మధ్యలో ఇరవై మాటలు దూరి ఎక్కడో తప్పిపోతుంది. కాబట్టి మూడు లైన్ల వాక్యం దగ్గర పిల్లలు ఆగిపోతే ఇలా చేయించండి. ముందు అసలు క్రియను వెతికి గుండ్రంగా చుట్టాలి. ఆ పని చేసింది ఎవరో వెతికి రెండో సున్నా. ఈ రెండూ కలిపి తెలుగులో ఒక చిన్న వాక్యం చెప్పాలి. తర్వాత 'విచ్', 'హూ', 'ఆల్దో', 'బికాజ్' లాంటివి ఎక్కడెక్కడున్నాయో చూసి, ఒక్కో ముక్క దేనికి చెందుతుందో బాణం గీయాలి. మొదట్లో ఒక్క వాక్యానికే బోలెడు సమయం పడుతుంది, పట్టనివ్వండి. ఈ మార్గదర్శిలో ఒక్క విషయమే అమలు చేస్తామంటే నేను దీన్నే ఎంచుకోమంటాను. పాత నవలలైనా, సైన్స్ పుస్తకాలైనా, పరీక్షలో ఇచ్చే తెలియని ప్యాసేజ్ అయినా లొంగేది దీనికే.

యాక్టివ్, పాసివ్ లాంటి మార్పిడులు యంత్రంలా చేయించకుండా, అలా ఎందుకు మారుస్తారో చెప్పండి. 'ది విండో వాజ్ బ్రోకెన్' అన్న వాక్యంలో అద్దం పగలగొట్టినవాడు మాయమైపోయాడు. తప్పు చేసినవాళ్ళు పాసివ్ వాయిస్‌ని ఎందుకు అంత ఇష్టపడతారో పిల్లలకు ఒక్క నిమిషంలో అర్థమైపోతుంది, మళ్ళీ మర్చిపోరు.

స్పెల్లింగ్ గురించి కొంచెం. 26 అక్షరాలతో సుమారు 44 ధ్వనులు పలికించే భాష అది, పైగా పలుకుబడి మారినా రాత మారలేదు. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా స్థిరపడటం మొదలైంది. అదే కాలంలో అచ్చుల ఉచ్చారణ మారిపోతూ వచ్చింది. యోధుడు అనే అర్థమున్న 'నైట్'కి ముందున్న 'కె' ఒకప్పుడు నిజంగానే పలికేది. ఇంత చరిత్ర పిల్లలకు ఎందుకంటే, తప్పు తమది కాదని తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. పనికొచ్చే చిట్కా కూడా ఉంది. 'సైన్'లో వినబడని 'జి' 'సిగ్నేచర్'లో వినబడుతుంది. 'బాంబ్'లో వినబడని రెండో 'బి' 'బంబార్డ్'లో పలుకుతుంది. మూగ అక్షరం గుర్తుండకపోతే దాని చుట్టాల్ని వెతకమనండి.

అయిదో అడుగు: పద్యం

పద్యం అనగానే పిల్లలు భయపడేది దానికి ఒక రహస్య అర్థం ఉందనీ, అది టీచర్‌కే తెలుసనీ అనుకోవడం వల్ల. ముందు పైకి చదవండి, మూడుసార్లు. లైన్ చివర కాకుండా కామా, ఫుల్‌స్టాప్ ఉన్నచోట ఆగాలి. చాలా పద్యాల్లో వాక్యం ఒక లైన్‌లో మొదలై మూడో లైన్ మధ్యలో ముగుస్తుంది, లైన్ చివర ఆగితే అర్థం విరిగిపోతుంది. తర్వాత తలకిందులైన పదాల వరసను మామూలు వాక్యంగా మార్చి చెప్పమనండి.

ఇప్పుడు ప్రశ్నలు. మాట్లాడుతున్నది ఎవరు? కవి అని వెంటనే రాయకూడదు, పద్యంలో 'ఐ' అన్నవాడు కవి సృష్టించిన మనిషి కావచ్చు. ఎవరితో మాట్లాడుతున్నాడు? మొదట్లో ఉన్న మనసు చివర్లో కూడా అలాగే ఉందా, మారితే ఏ లైన్ దగ్గర మారింది? ఈ మలుపు దొరికితే పద్యం సగం దొరికినట్టే. పదునాలుగు లైన్ల సానెట్‌లో ఎక్కడ వెతకాలో రూపమే చెబుతుంది. ఇటాలియన్ పద్ధతి సానెట్‌లో మామూలుగా ఎనిమిదో లైన్ తర్వాత మలుపు వస్తుంది. షేక్‌స్పియర్ పద్ధతిలో మూడు నాలుగు-లైన్ల భాగాలు, చివర ఒక జంట ఉంటాయి, ఆ జంటలో తరచూ మాట తిరగబడుతుంది.

అలంకారాల దగ్గర పిల్లలకు ఒక జబ్బు పట్టుకుంటుంది, పేరు పెట్టి వదిలేయడం. 'ఇక్కడ పర్సనిఫికేషన్ (ప్రాణం లేనివాటికి మనిషి గుణాలు అంటగట్టడం) ఉంది' అని రాసి తర్వాతి లైన్‌కి వెళ్ళిపోతారు. ఒక పద్యంలో ఫ్యాక్టరీ చిమ్నీలు దగ్గుతున్నాయని ఉందనుకుందాం. పేరు పెట్టడం మొదటి మెట్టు మాత్రమే. పొగ వదులుతున్నాయి అనకుండా దగ్గుతున్నాయి అని ఎందుకన్నాడు? దగ్గేది ఎవరు? జబ్బు మనిషి. అయితే ఊరే జబ్బు పడిందా, లేక ఆ పొగ పీల్చి దగ్గుతున్న మనుషులను చిమ్నీల్లో చూపిస్తున్నాడా? పిల్లలు ఈ రెంటిలో ఏది చెప్పినా, దానికి పద్యంలో ఇంకో ఆధారం చూపిస్తే అది మంచి జవాబే. మీకు నచ్చిన అర్థమే వాళ్ళకీ తట్టాలని లేదు.

ఛందస్సు గురించి అడిగితే బల్ల మీద తట్టి చూపించండి. అయాంబిక్ పెంటామీటర్ అంటే లైన్‌కి పది సిలబుల్స్ (ఒక్క ఊపులో పలికే ముక్కలు), తేలిక–ఊనిక, తేలిక–ఊనిక అంటూ అయిదు జతలు. తెలుగు పద్యానికి గురులఘువులు గుర్తించడం వచ్చిన పిల్లలకు ఇది తొందరగానే పట్టుబడుతుంది. ఇంగ్లిష్‌లో లెక్క మాత్రల మీద కాదు, గొంతు ఎక్కడ ఊనుతుందన్న దాని మీద. అయితే లెక్కపెట్టి ఊరుకోకూడదు. ఆ లయ ఎక్కడ తప్పిందో అక్కడ ఏదో జరుగుతూ ఉంటుంది, చూడాల్సింది అది.

'ఈ పద్యం మనకిచ్చే సందేశం ఏమిటి?' అన్న ప్రశ్నతో మాత్రం మొదలుపెట్టకండి. 'ప్రకృతిని కాపాడాలి' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ఇక పద్యం చదివే పనే ఉండదు.

ఆరో అడుగు: నాటకం, నవల

నాటకాన్ని కళ్ళతో చదివితే సగమే తెలుస్తుంది. పాత్రలు పంచుకుని మీరిద్దరూ పైకి చదవండి. బ్రాకెట్లలో ఉండే రంగ సూచనలు దాటేయకండి, పాత్ర నోటితో ఒకటి అంటూ చేత్తో ఇంకోటి చేసేది అక్కడే. షేక్‌స్పియర్ నాటకమైతే కథ ముందే తెలుగులో చెప్పేయండి. అది మోసం కాదు. ఏం జరుగుతుందో తెలిస్తే మాటల మీద దృష్టి పెట్టే తీరిక దొరుకుతుంది.

షేక్‌స్పియర్ నాటకాల్లో కనబడే 'దౌ', 'యూ' తేడా మన పిల్లలకు చెప్పకుండానే అర్థం కావాలి, ఎందుకంటే మనకు 'నువ్వు', 'మీరు' ఉన్నాయి. దగ్గరివాళ్ళను, చిన్నవాళ్ళను, తక్కువగా చూసేవాళ్ళను 'దౌ' అనేవారు. మర్యాదకు 'యూ'. ఆయన కాలానికే ఈ నియమం కొంత సడలింది. అయినా అప్పటిదాకా 'యూ' అన్న పాత్ర హఠాత్తుగా 'దౌ' అంటే అక్కడ కోపమో, చులకనో, ప్రేమో పుట్టిందేమో చూడమనండి.

నవలకు అధ్యాయానికి ఒక వాక్యం చొప్పున రాసుకుంటూ పోతే చాలు. కథ చెబుతున్న పాత్ర నిజమే చెబుతోందా అని అప్పుడప్పుడు అనుమానించమనండి.

ఏడో అడుగు: జవాబు రాయడం

ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. ఒక కథలో అమ్మాయి పరుగు పందెంలో ఓడిపోయి ఇంటికొచ్చి, ఇంక పరిగెత్తనని చెప్పి పడుకుంటుంది. తల్లి ఏమీ అనదు. రాత్రి కూర్చుని ఆ బూట్ల బురద తుడిచి, వాటిని రోజూ ఉండే చోటే, గుమ్మం పక్కన పెడుతుంది. ప్రశ్న: ఈ సంఘటన తల్లి గురించి ఏం చెబుతోంది?

మొదటిసారి వచ్చే జవాబు ఎలా ఉంటుందో తెలిసిందే. 'తల్లి మంచిది. ఆమెకు కూతురంటే ప్రేమ.' తప్పేమీ లేదు, కానీ ఈ వాక్యం ఏ కథలో ఏ తల్లికైనా సరిపోతుంది. ఇక్కడ మీరు జవాబు ఇవ్వకండి, అడగండి. ప్రేమ ఉందని ఎలా తెలిసింది? 'బూట్లు తుడిచింది.' తుడిచి ఎక్కడ పెట్టింది? 'గుమ్మం దగ్గర.' బీరువాలో ఎందుకు పెట్టలేదు? ఈ ప్రశ్న దగ్గర పిల్లలు ఒక్క క్షణం ఆగుతారు. ఆ మౌనంలో మీరు దూరకండి. 'రేపు మళ్ళీ వేసుకుంటుందని అనుకుంది' అని వాళ్ళే అంటారు. మరి ఆ మాట కూతురితో ఎందుకు అనలేదు? 'అంటే పోట్లాట అవుతుంది కదా.' ఇప్పుడు జవాబు తయారైంది. తల్లి కూతురి నిర్ణయాన్ని ఎదిరించకుండానే, అది మారుతుందని నమ్ముతోంది. ఆ నమ్మకాన్ని మాటతో కాకుండా చేత్తో చెప్పింది.

ఇదంతా తెలుగులో జరగనివ్వండి. తర్వాత ఇంగ్లిష్‌లో మూడు మెట్లుగా పేరా కట్టించండి. మొదట విషయం, ఒక్క వాక్యంలో. తర్వాత ఆధారం, పాఠంలోంచి నాలుగైదు మాటలు కోట్ చేస్తూ. ఆ తర్వాత వివరణ, ఆ మాటలు ఆ విషయాన్ని ఎలా చూపిస్తున్నాయో. పిల్లలు ఎక్కువగా ఎగ్గొట్టేది మూడో మెట్టే, మార్కులు ఎక్కువగా ఉండేదీ అక్కడే. ఇంగ్లిష్ మాటలు అందకపోతే 'దిస్ సజెస్ట్స్ దట్', 'ది వర్డ్ ఇంప్లైస్', 'బై డూయింగ్ దిస్, ది రైటర్ షోస్' లాంటి మొదళ్ళు ఓ అయిదారు ఇవ్వండి, మిగతాది వాళ్ళు పూర్తి చేస్తారు. కొంతకాలానికి ఆ ఊతం అక్కర్లేకుండా పోవాలి. అన్ని పేరాలూ ఒకే మూసలో వస్తుంటే వాటిని తీసేసే సమయం వచ్చిందని గుర్తు.

రెండు చిన్న విషయాలు. కథలో జరిగిన దాని గురించి రాసేటప్పుడు ఇంగ్లిష్‌లో వర్తమాన కాలం వాడటం ఆనవాయితీ: 'ది మదర్ క్లీన్స్ ది షూస్'. కోట్ చేసిన మాటలు పొడుగ్గా ఉండకూడదు, లైన్లకు లైన్లు దించితే పేజీ నిండుతుంది తప్ప వాదన ముందుకు కదలదు.

పెద్ద వ్యాసమైతే ముందు పేరాకు ఒక వాక్యం చొప్పున ప్లాన్ రాయించండి. ఆ వాక్యాలు వరసగా చదివితే ఒక వాదనలా వినిపించాలి. ఏ రెండింటిని అటూ ఇటూ మార్చినా తేడా తెలియకపోతే అది వాదన కాదు, జాబితా. ప్రారంభ పేరా చివర్లో రాసుకోవచ్చు. ఉత్తరాలు, నోటీసులు, రిపోర్టులకు మాత్రం పెద్ద ఆలోచన అక్కర్లేదు. వాటి నమూనా ఒకటి రెండుసార్లు చూసి రాస్తే వచ్చేస్తుంది.

ఎనిమిదో అడుగు: దిద్దడం

ఎర్ర ఇంకుతో పేజీ నింపకండి. ఒక విడతలో ఒక రకం తప్పే చూడండి. ఈ వారం క్రియల కాలాలు, వచ్చే వారం 'ఎ', 'ది'. తప్పున్న లైన్ పక్కన మార్జిన్‌లో చుక్క పెట్టి, తప్పేమిటో వాళ్ళనే వెతకమనండి. దొరికితే అది వాళ్ళకు వచ్చిన విషయమే, అజాగ్రత్త అంతే. దొరకకపోతే అది మీరు చెప్పాల్సిన పాఠం. ఈ తేడా తెలియడం మీకూ మంచిదే, వచ్చినదాన్నే మళ్ళీ మళ్ళీ చెప్పే శ్రమ తప్పుతుంది.

విషయాన్ని ముందు చూడండి, స్పెల్లింగ్ తర్వాత. ఎలాగూ కొట్టేయబోయే పేరాలో స్పెల్లింగులు దిద్దడం ఎందుకు? మెచ్చుకునేటప్పుడు 'బాగుంది' అని ఊరుకోకుండా ఏది బాగుందో చెప్పండి. 'గుమ్మం మాట పట్టుకున్నావు చూడు, అది నాకు తట్టలేదు' అంటే, ఈసారి కూడా అలాంటి మాట కోసం వెతుకుతారు.

గైడ్లు, ఏఐ టూల్స్

వీటిని ఇంట్లోంచి తరిమేయడం జరిగే పని కాదు. ఎక్కడ వాడొచ్చో తేల్చుకోవడం మేలు. పాఠం చదవక ముందు గైడ్ చదివితే ఇక సొంత ఆలోచన పుట్టదు. సొంతంగా నాలుగు మాటలు రాసుకున్నాక చదివితే పోల్చుకోవడానికి పనికొస్తుంది. చాట్‌జీపీటీ లాంటివాటిని 'ఈ వాక్యం విడమరిచి చెప్పు', 'ఈ అధ్యాయం మీద నన్ను అయిదు ప్రశ్నలు అడుగు', 'నా పేరాలో ఏ తప్పు పదేపదే వస్తోంది?' అని అడిగించవచ్చు. జవాబు రాయమని అడిగితే నేర్చుకోవాల్సిన భాగమంతా అదే చేసేస్తుంది. ఇంకో ప్రమాదం ఉంది. ఆ టూల్స్ పుస్తకంలో లేని వాక్యాలను ఉన్నట్టే కోట్ చేయగలవు. అవి ఇచ్చిన ప్రతి కోట్‌నీ పుస్తకంలో వేలుపెట్టి చూపించాకే వాడాలని నియమం పెట్టండి. స్కూల్‌లో వీటి వాడకం మీద సొంత నియమాలుంటే అవే చివరి మాట.

పరీక్ష దగ్గరపడ్డాక, టీచర్ అవసరమైనప్పుడు

రోజూ అరగంట, వారానికి ఒకరోజు మూడు గంటల కన్నా మేలు. పరీక్షకు నెల ముందు నుంచి గడియారం పెట్టి రాయించండి. మొత్తం సమయంలోంచి చదవడానికి, సరిచూడటానికి పది పదిహేను నిమిషాలు తీసేసి, మిగిలినదాన్ని మొత్తం మార్కులతో భాగించమనండి. మార్కుకు ఎన్ని నిమిషాలో వస్తుంది. దాన్ని మించి ఏ ప్రశ్న మీదా కూర్చోకూడదు. పూర్తి వ్యాసాలు బట్టీ పట్టించే బదులు ప్రతి పాఠానికీ ఎలాంటి ప్రశ్నకైనా పనికొచ్చే నాలుగైదు చిన్న కోట్లు గుర్తుంచుకుంటే చాలు. బట్టీ పట్టిన వ్యాసం, ప్రశ్న కొంచెం మారగానే ఎదురు తిరుగుతుంది.

కొన్ని విషయాలు ఇంట్లో తేలవు. నెలల తరబడి చదివించినా అక్షరాలు, ధ్వనులు కలవకపోతున్నా, తెలివిగా మాట్లాడే పిల్లలు రాతలో మాత్రం ఎప్పుడూ వెనకబడుతున్నా, తెలుగు చదవడంలో కూడా అదే ఇబ్బంది కనిపిస్తున్నా అది బద్ధకం అనుకోవద్దు. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. డిస్‌లెక్సియా (అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందేమో నిపుణులతో చూపించండి. దానికీ తెలివికీ సంబంధం లేదు, సరైన శిక్షణతో చదువు మెరుగుపడుతుంది.

టీచర్‌ని కలవడానికి వెళ్ళేటప్పుడు 'మా పిల్ల ఎలా చదువుతోంది?' అనే ప్రశ్నతో వెళ్ళకండి, 'ఇంకొంచెం కష్టపడాలి' అనే జవాబే వస్తుంది. పిల్లలు సొంతంగా రాసిన రెండు మూడు పేజీలు, మీరు దిద్దకుండా, పట్టుకెళ్ళండి. మొదటి అడుగులో మీరు ఏం గమనించారో చెప్పి, ఈ పేజీల్లో ముందుగా ఏది సరిచేయాలో అడగండి. ఆ పేజీల మీద తేదీ వేసి దాచండి, మూడు నెలల తర్వాత కొత్త పేజీలతో పక్కపక్కన పెట్టి చూడటానికి పనికొస్తాయి.